బుద్ధికి పదును: రెండు భాషల ఇంట్లో ఉన్న సంపద

అరబీ భాషలో ‘అఖ్ల్’ అనే మాటకు మూలార్థం కట్టివేయడం. ఒంటె లేచి ఎడారిలోకి పోకుండా దాని కాలికి వేసే బంధాన్ని ‘ఇఖాల్’ అంటారు. ఆ ధాతువు నుంచే బుద్ధికి ఈ పేరు వచ్చింది. తోచిన వైపల్లా పరుగెత్తకుండా మనస్సును నిలిపి ఉంచేది గనుక అది అఖ్ల్ అయిందని నిఘంటుకారులు వివరించారు. ఉర్దూ మాట్లాడే ఇళ్ళలో ఈ మాట ‘అఖల్’గా వాడుకలో ఉన్నది. తెలుగులోకి తెచ్చేటప్పుడు అనువాదకులు సందర్భాన్నిబట్టి బుద్ధి, వివేకం, మేధస్సు, తెలివి అనే మాటలు వాడుతూ వచ్చారు. వీటిలో ఏదీ పూర్తిగా సరిపోదు. ఎందుకంటే ఇవన్నీ నామవాచకాలు. దివ్య ఖుర్ఆన్‌లో ఈ ధాతువు 49 చోట్ల వస్తుంది. ఆ 49 చోట్లా క్రియారూపంలోనే వస్తుంది. నామవాచకంగా ఒక్కచోట కూడా కనిపించదు. ‘బుద్ధి కలవారు’ అని చెప్పవలసి వచ్చినప్పుడు ‘ఉలుల్ అల్‌బాబ్’ అనే వేరొక పదబంధం వస్తుంది. ‘లుబ్బ్’ అంటే గింజలోని పప్పు, సారం. అఖ్ల్ మాత్రం అక్కడ ఎప్పుడూ మనిషి చేసే పని, లేదా చేయవలసి ఉండీ చేయని పని.

ఇది వ్యాకరణానికి సంబంధించిన చిన్న విషయమే. దీని మీద ఆధునిక శాస్త్రాన్ని నిలబెట్టబోవడం సరికాదు. ఆ గ్రంథం వైద్యశాస్త్రం బోధించడానికి అవతరించలేదు. కాని బుద్ధిని ఒక వస్తువుగా కాక ఒక పనిగా చూడడమన్నది ఆలోచించవలసిన విషయం. గత నూరేళ్ళలో మెదడు గురించి తెలిసిన సంగతులు కూడా ఈ చూపునే బలపరుస్తున్నాయి.

వాల్మీకిపురంలో (పెద్దలు ఇప్పటికీ వాయల్పాడు అనే అంటారు), ఇరుగుపొరుగున ఉన్న గుర్రంకొండ, మదనపల్లె, పుంగనూరు ప్రాంతాలలో ముస్లిం ఇళ్ళలో పిల్లల ప్రస్తావన వచ్చినప్పుడు ఈ క్రియ మళ్ళీ నామవాచకం అయిపోతుంది. ‘వీడికి జెహన్ ఉంది, వాడికి లేదు’ అంటారు. జేబులో పైసలు ఉన్నట్లు, లేనట్లు. ఏడెనిమిదేళ్ళ వయస్సుకే ఈ తీర్పు వెలువడుతుంది. జెహన్ లేదన్న పిల్లవాణ్ణి బడి మాన్పించి మెకానిక్ షెడ్డులోనో, టమాట మండీలోనో పెడతారు. ఆడపిల్ల విషయంలో చాలాసార్లు ఆ మాటైనా అనవలసిన పని పడదు.

బుద్ధిని కొలవవచ్చునన్న ఆలోచన ఎలా పుట్టిందో తెలిస్తే ఈ తీర్పు ఎంత తొందరపాటుదో అర్థమవుతుంది. 1905లో ఫ్రాన్సు దేశంలో ఆల్ఫ్రెడ్ బినే అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తన సహచరుడు సైమన్‌తో కలిసి, బడిపిల్లల కోసం కొన్ని ప్రశ్నల వరుసను తయారుచేశాడు. ఎవరికి ప్రత్యేకమైన సహాయం అవసరమో గుర్తించడమే దాని ఉద్దేశం. పిల్లవాని బుద్ధి ఇంత అని శాశ్వతంగా ముద్ర వేయడానికి ఆయన దానిని తయారుచేయలేదు. సాధనతో బుద్ధి పెరుగుతుందని వాదించాడు కూడా. ఆయన 1911లో మరణించాడు. మరుసటి ఏడు జర్మనీలో విలియం స్టెర్న్ ఆ ప్రశ్నల ఫలితాన్ని వయస్సుతో భాగించి ఒకే అంకెగా చెప్పే పద్ధతి తెచ్చాడు. లోకమంతా నేడు ‘ఐ.క్యూ.’ అంటున్నది దానినుంచి పుట్టినదే. సహాయం అందించడానికి పుట్టిన పరీక్ష ఆ తరువాత అనేక దేశాలలో మనుషులను వేరుచేసి తోసివేయడానికి వాడబడింది.

ఇందుకు దూరపు ఉదాహరణలు అక్కరలేదు. 1895లో మదనపల్లెలో రెవెన్యూ ఉద్యోగి జిడ్డు నారాయణయ్య ఇంట ఒక మగపిల్లవాడు పుట్టాడు. పసితనంలోనే మలేరియా పట్టుకుని ఏళ్ళ తరబడి వదలలేదు. బడికి వెళ్ళిన రోజులకంటే మానిన రోజులు ఎక్కువ. వెళ్ళిన రోజున కిటికీ వైపో, ఆకాశం వైపో చూస్తూ కూర్చునేవాడు. పాఠం అప్పజెప్పలేకపోయేవాడు. ఉపాధ్యాయులు మందబుద్ధి అని నిర్ణయించి కొట్టేవారు. ఆ పిల్లవాడే జిడ్డు కృష్ణమూర్తి. తరువాతి కాలంలో ఆయన ఉపన్యాసాలు వినడానికి అనేక దేశాల విద్యావంతులు వచ్చారు. ఆయన పేరుతో ముడిపడిన రిషి వ్యాలీ పాఠశాల నేటికీ మదనపల్లె దగ్గరే నడుస్తున్నది. ఆయన తాత్త్విక అభిప్రాయాలు ఇక్కడ చర్చనీయాంశం కావు; థియోసాఫికల్ సొసైటీ వారు తన మీద మోపిన జగద్గురు హోదాను ఆయనే 1929లో త్రోసివేశాడన్నది వేరే కథ. ఇక్కడ గమనించవలసినది ఒక్కటే. జ్వరంతో నలిగిన పిల్లవాని పరధ్యానాన్ని చూసి బుద్ధి లేదని పెద్దలు తీర్పు చెప్పారు, ఆ తీర్పు తప్పయింది.

రక్తహీనత, పురుగులు, సరిగా వినపడని చెవి, మసకగా కనిపించే నల్లబల్ల, ఇంట్లో తగవులు, నిద్రలేమి – వీటిలో ఏది ఉన్నా పిల్లవాడు మందబుద్ధిలాగే కనిపిస్తాడు. గర్భవతికి అయోడిన్ కొరవడితే పుట్టబోయే బిడ్డ మెదడు దెబ్బతింటుంది. అయోడిన్ కలిపిన ఉప్పు వంటి చౌక వస్తువుతో నివారించగలిగిన నష్టం అది. చౌకగా వస్తుందని రాళ్ళ ఉప్పు కొనే ఇళ్ళు ఈ ఒక్క విషయం తెలుసుకుంటే చాలు. ఇక దెబ్బల సంగతి. భయం కలిగినప్పుడు శరీరంలో ఊరే రసాయనాలు అప్పటికే తెలిసిన విషయాన్ని కూడా జ్ఞాపకానికి రానీయవు. బెత్తం చూడగానే నిన్న వచ్చిన పాఠం ఇవాళ రాకపోవడానికి కారణం ఇదే. బడిలోనైనా మక్తబ్‌లోనైనా దీనికి తేడా లేదు.

ఇంతకూ మెదడు ఎటువంటిది? పెద్దమనిషి మెదడు బరువు సుమారు కిలోన్నరకు కాస్త తక్కువ. శరీరం బరువులో 2 శాతం. కాని శరీరం ఖర్చుచేసే శక్తిలో దాదాపు 20 శాతం దానికే పోతుంది. అందులో నాడీకణాలు సుమారు 8,600 కోట్లు ఉంటాయని 2009లో లెక్క తేల్చారు. మనిషి తన మెదడులో పదో వంతే వాడుకుంటాడని ప్రచారంలో ఉన్న మాట వట్టి కల్పన. నిద్రపోతున్నప్పుడు కూడా మెదడు మొత్తం ఏదో ఒక పనిలోనే ఉంటుంది.

వాడకాన్నిబట్టి ఈ అవయవం తన నిర్మాణాన్నే మార్చుకుంటుందన్నది ఇటీవలి దశాబ్దాలలో తేలిన ముఖ్యమైన విషయం. లండన్ నగరంలో టాక్సీ నడిపేవారు లైసెన్సు కోసం సుమారు 25,000 వీధుల పటాన్ని కంఠస్థం చేయాలి. 2000లో ఎలినార్ మగ్వైర్ బృందం వారి మెదళ్ళను స్కానింగు చేసి చూడగా, దారుల జ్ఞాపకానికి ఆధారమైన హిప్పోకాంపస్ వెనుక భాగం ఇతరులకంటే పెద్దదిగా కనిపించింది. పుట్టుకతో అలా ఉన్నవారే ఈ వృత్తిలోకి వచ్చారేమో అన్న అనుమానం రావడం సహజమే. 2011లో అదే బృందం శిక్షణకు ముందూ తరువాతా పరీక్షించి, చదివి ఉత్తీర్ణులైనవారిలో ఆ భాగం పెరిగిందని చూపింది. మధ్యలో వదిలేసినవారిలో పెరగలేదు.

ఈ దృష్టితో చూస్తే హిఫ్జ్ అభ్యాసం ఆసక్తికరంగా కనిపిస్తుంది. ఖుర్ఆన్ కంఠస్థం చేసే విద్యార్థి రోజూ మూడు పనులు చేస్తాడు. కొత్తగా నేర్చుకున్న ‘సబఖ్’ అప్పజెప్పడం ఒకటి. ఇటీవలి కొద్ది రోజుల పాఠాలను, అంటే ‘సబఖీ’ని, మళ్ళీ వినిపించడం రెండోది. ఎప్పుడో పూర్తిచేసిన భాగాలలోంచి కొంత కొంత చొప్పున, కొన్నిచోట్ల మంజిల్ అనీ కొన్నిచోట్ల ఆమోఖ్తా అనీ పిలిచేది, తిరగవేయడం మూడోది. కొత్త పాఠం కాస్త తగ్గినా ఉస్తాదు సహిస్తాడు గాని, పాతది తప్పితే సహించడు. అనుభవం మీద ఏర్పడిన ఈ నియమం వెనుక ఉన్న కారణం చాలాకాలం తరువాత ప్రయోగశాలలో బయటపడింది.

జర్మనీకి చెందిన ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరగుచ్ఛాలను తానే బట్టీపట్టి, ఎంత కాలానికి ఎంత మరచిపోతున్నాడో కొలిచి 1885లో ప్రకటించాడు. మరుపు నిలకడగా సాగదు. మొదటి కొన్ని గంటలలో, మొదటి రోజులో చాలా భాగం జారిపోతుంది. ఆ తరువాత నెమ్మదిస్తుంది. అందుచేత తిరగవేయడం మొదట్లో దగ్గర దగ్గరగా, పోను పోను ఎడంగా జరగాలి. ఇతనికి దాదాపు 7 శతాబ్దాలకు ముందే బుర్హానుద్దీన్ జర్నూజీ తన ‘తాలీముల్ ముతఅల్లిమ్’ అనే గ్రంథంలో విద్యార్థులకు ఒక లెక్క చెప్పాడు. నిన్నటి పాఠం 5 సార్లు, మొన్నటిది 4 సార్లు, దానికి ముందుది 3 సార్లు, ఆ ముందుది 2 సార్లు, ఇంకా ముందుది ఒకసారి తిరగవేయాలని. ఈ గ్రంథం మదరసాలలో తరతరాలుగా చదువబడుతున్నది. అయితే అందులోని ప్రతి మాటనూ శాస్త్రంగా తీసుకోనక్కరలేదు. పచ్చి కొత్తిమీర, పుల్లని ఆపిల్ మతిమరుపు తెస్తాయని కూడా జర్నూజీ వ్రాశాడు. ఆ మాటే నిజమైతే రాయలసీమలో ఎవరికీ ఏదీ గుర్తుండకూడదు.

హిఫ్జ్‌లో మరొక కీలకం ఉన్నది. విద్యార్థి గ్రంథం చూస్తూ పదిసార్లు చదవడు. మూసివేసి, వినేవాని ఎదుట జ్ఞాపకంలోంచి పైకి తీస్తాడు. తప్పు అక్కడికక్కడే దిద్దబడుతుంది. రమజాన్ నెలలో తరావీహ్ నమాజులో ఇమాముగా నిలిచే హాఫిజు వెనుక మరొక హాఫిజు ‘సామె’గా ఉండి, తడబాటు వస్తే అందించడం కూడా ఇదే పద్ధతి. ఒకే విధంగా మొదలై వేరుగా ముగిసే ఆయతులు, ‘ముతషాబిహాత్’ అనేవి, అనుభవజ్ఞులను కూడా తికమకపెడతాయి గనుక ఆ అవసరం ఎప్పటికీ తీరదు. తెలుగువారి అష్టావధానంలో చివరన జరిగే ధారణ కూడా ఈ జాతిదే. పృచ్ఛకులు విడతలు విడతలుగా అడిగినవాటికి చెప్పిన పద్యాలన్నిటినీ అవధాని కాగితం లేకుండా వరుసగా వినిపించాలి. ఆ మధ్యలో గంటల లెక్క తప్పకూడదు, అప్రస్తుత ప్రసంగం చేసేవానికి జవాబు చెప్పకుండా ఉండకూడదు.

2006లో అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు కాలేజీ విద్యార్థులకు ఒక వ్యాసం ఇచ్చి ప్రయోగం చేశారు. కొందరు దానిని రెండుసార్లు చదివారు. మిగిలినవారు ఒకసారి చదివి, చూడకుండా గుర్తున్నంత వ్రాశారు. అయిదు నిమిషాల తరువాత పరీక్షిస్తే రెండుసార్లు చదివినవారే ముందున్నారు. వారం తరువాత ఫలితం తిరగబడింది. చదివినవారికి 42 శాతం, చూడకుండా వ్రాసినవారికి 56 శాతం గుర్తున్నది. పరీక్షల ముందు రాత్రి నోట్సును రంగు పెన్నుతో గీస్తూ పదేపదే చదివే ఇంటర్ విద్యార్థి, తన ఇంట్లోనే హిఫ్జ్ చేస్తున్న తమ్ముణ్ణి చూసి నేర్చుకోదగినది ఇక్కడ ఉన్నది. అలాగే తమ్ముడు అన్న దగ్గర నేర్చుకోవలసినది కూడా లేకపోలేదు. హాఫిజా, అంటే జ్ఞాపకశక్తి, అఖ్ల్‌కు సామగ్రిని సమకూరుస్తుంది గాని అదే అఖ్ల్ కాదు. పదేళ్ళకే ఖుర్ఆన్ కంఠస్థం చేశానని తన ఆత్మకథలో చెప్పుకున్న ఇబ్న్ సీనా (980–1037) కూడా జ్ఞాపకాన్నీ యోచననూ వేర్వేరు శక్తులుగానే విభజించాడు. కంఠస్థం చేయలేకపోయిన పిల్లవానికి బుద్ధి లేదనడం ఎంత తప్పో, కంఠస్థం చేసినవానికి ఇక మరే చదువూ అక్కరలేదనడం అంతే తప్పు.

ఇక ఈ ప్రాంతపు ముస్లిముల చేతిలో ఉండీ వారి కంట పడని విషయానికి వద్దాం. వాల్మీకిపురంలో ఒక చిన్న వ్యాపారి దినచర్య తలచుకుంటే చాలు. ఇంట్లో అమ్మీతో, భార్యతో దక్కనీ ఉర్దూ. గడప దాటితే తెలుగు. టమాటతో మదనపల్లె మండీకి పోతే రైతుతో తెలుగు, లారీ డ్రైవరుతో తమిళమో కన్నడమో, ఉత్తరాది నుంచి వచ్చిన కొనుగోలుదారుతో హిందీ. మసీదులో నమాజు అరబీలో, ఖుత్బాకు ముందు ప్రసంగం ఉర్దూలో. ఇంకాస్త దక్షిణాన మూడు రాష్ట్రాలు కలిసే కుప్పం పట్టణంలో ఈ కలగలుపు మరింత చిక్కన; ద్రావిడ విశ్వవిద్యాలయాన్ని 1997లో అక్కడ స్థాపించడం సమంజసంగానే ఉన్నది. అయినా ఈ మనిషిని ‘మీకు ఎన్ని భాషలు వచ్చు?’ అని అడిగితే ‘ఏదీ సరిగా రాదు’ అంటాడు. ఉర్దూ లక్నో ఉర్దూ కాదని సిగ్గు, తెలుగు పుస్తకాల తెలుగు కాదని సిగ్గు.

ఈ మనిషి మాట్లాడే భాషలు ఒకదానిలో ఒకటి ఎంతగా నాటుకున్నాయో ఒక ఉదాహరణ చూడవచ్చును. ‘రేపు వస్తానని చెప్పాడు’ అన్న వాక్యాన్ని దక్కనీలో ‘కల్ ఆతూఁ బోల్కే బోల్యా’ అంటారు. ఢిల్లీ ఉర్దూలో వాక్యం ‘కి’ అనే మాటతో వేరే విధంగా నడుస్తుంది. ఇక్కడి ‘బోల్కే’ తెలుగు ‘అని’కి అచ్చమైన ప్రతిబింబం. పండితులు దీనిని ద్రావిడ భాషల ప్రభావంగా గుర్తించారు. దీనిని చెడిపోయిన ఉర్దూ అనడం న్యాయం కాదు. రెండు భాషలను శతాబ్దాలుగా ఒకే నాలుక మీద మోసినవారి గుర్తు ఇది.

ఇటువంటివారి మెదడు గురించి ఒక ముఖ్యమైన అధ్యయనం హైదరాబాదులోనే జరిగింది. పంజాగుట్టలోని నిజామ్స్ వైద్య విజ్ఞాన సంస్థలో, అంటే నిమ్స్‌లో, నాడీవైద్యురాలు డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం డిమెన్షియా అనే మతిమరుపు జబ్బుతో వచ్చిన 648 మంది రోగుల వివరాలను పరిశీలించింది. వారిలో 391 మంది రెండు లేక అంతకంటే ఎక్కువ భాషలు మాట్లాడేవారు. తెలుగు, దక్కనీ, హిందీ, ఇంగ్లీషు ఆ భాషలలో ముఖ్యమైనవి. ఒకే భాష మాట్లాడేవారిలో జబ్బు మొదలైన సగటు వయస్సు 61.1 ఏళ్ళు. రెండు భాషలవారిలో 65.6 ఏళ్ళు. నాలుగున్నరేళ్ళ తేడా. ఇది 2013లో ‘న్యూరాలజీ’ పత్రికలో అచ్చయింది. చదువు, వృత్తి, స్త్రీపురుష భేదం, పల్లె పట్నం తేడా – ఇవన్నీ లెక్కలోకి తీసుకున్నా వ్యత్యాసం నిలిచింది. చదువుకున్నవారే ఎక్కువ భాషలు నేర్చుకుంటారు, ఆ ఫలితం చదువుది కావచ్చునని ఎవరైనా అనవచ్చు. దానికి సమాధానం కూడా ఆ అధ్యయనంలోనే ఉన్నది. అక్షరం ముక్క రాని రోగులను వేరుగా చూసినప్పుడు కూడా రెండు భాషల వారిలో జబ్బు సుమారు 6 ఏళ్ళు ఆలస్యంగా మొదలైంది. మూడు, నాలుగు భాషలు వచ్చినందువల్ల అదనపు లాభం మాత్రం కనిపించలేదు.

అదే సంస్థలో పక్షవాతం వచ్చిన 608 మందిని పరిశీలించిన మరొక అధ్యయనం 2016లో వెలువడింది. పక్షవాతం తరువాత కూడా ఆలోచనాశక్తి చెదరకుండా నిలిచినవారు ఒకే భాషవారిలో 19.6 శాతం కాగా, రెండు భాషలవారిలో 40.5 శాతం.

రెండు భాషలలో ఏమున్నది? ఉర్దూ, తెలుగు రెండూ వచ్చినవాడు తెలుగులో మాట్లాడుతున్నప్పుడు అతని మెదడులో ఉర్దూ నిద్రపోదు. ‘నీళ్ళు’ అనబోయే క్షణంలో ‘పానీ’ కూడా తలుపు దగ్గరే నిలబడి ఉంటుంది. దానిని ఆపి దీనిని పంపాలి. ఎదుటివాడు మారగానే దీనిని ఆపి దానిని పంపాలి. ఇలా ఒకదానిని నిలిపి మరొకదానిని ఎంచుకునే పనిని మెదడు ముందు భాగానికి చెందిన వ్యవస్థ చేస్తుంది. దృష్టి నిలపడం, పరధ్యానాన్ని అణచడం, ఒక పని నుంచి మరొక పనికి మళ్ళడం కూడా ఆ వ్యవస్థ పనులే. రోజుకు వందలసార్లు, డెబ్బై ఏళ్ళపాటు, పైసా ఖర్చు లేకుండా జరిగే కసరత్తు ఇది. కట్టి నిలపడం అనే ఆ పాత ధాత్వర్థం ఇక్కడ అక్షరాలా కనిపించడం యాదృచ్ఛికమే కావచ్చు.

దీనివల్ల జబ్బు రాకుండా పోదు. ఈ మాట స్పష్టంగా చెప్పుకోవాలి. 1988లో అమెరికాలో కాట్జ్‌మన్ బృందం వృద్ధాశ్రమ వాసుల మెదళ్ళను మరణానంతరం పరీక్షించినప్పుడు, అల్జీమర్స్ గుర్తులు దండిగా ఉన్న మెదళ్ళు కొన్ని, బ్రతికినంతకాలం తెలివిగా మసలినవారివని తేలింది. జబ్బు ఉన్నది గాని అది బయటపడలేదు. దీనినే మెదడు నిల్వ అని వ్యవహరిస్తున్నారు. రాయలసీమవాసులకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. వాన ముఖం చాటువేసిన ఏట కరువు రెండు ఊళ్ళకూ ఒకటే. చెరువులో నీరు ఉన్న ఊరు మరికొన్నాళ్ళు తట్టుకుంటుంది. చదువు, వృత్తిలో బుద్ధికి పని, నలుగురితో కలిసిమెలిసి ఉండడం, రెండు భాషలు ఈ చెరువును నింపే కాలువలు.

శాస్త్రజ్ఞులందరూ ఈ భాషా ఫలితాన్ని ఒకేలా ఒప్పుకోవడం లేదు. ఆరోగ్యవంతులను ముందుగా ఎంచుకుని ఏళ్ళ తరబడి గమనించిన పాశ్చాత్య అధ్యయనాలు కొన్నింటిలో ఇంత తేడా కనిపించలేదు. ఆ దేశాలలో రెండు భాషలవారు ఎక్కువగా వలస వచ్చినవారు గనుక భాష ప్రభావాన్ని వలస ప్రభావం నుంచి విడదీయడం కష్టం. హైదరాబాదు అధ్యయనానికి విలువ వచ్చింది ఇందువల్లనే. అక్కడి రోగులు పుట్టి పెరిగిన నేలమీదే రెండు భాషలు మాట్లాడుతున్నవారు. వాల్మీకిపురం ముస్లిముల స్థితి కూడా సరిగ్గా ఇటువంటిదే.

కాని ఈ స్థితి మారిపోతున్నది. పిల్లవాడు ఇంగ్లీషు మీడియం బడికి పోతున్నాడు గనుక రెండు భాషలు కలిపి వాని బుర్ర పాడుచేయవద్దని కొన్ని ఇళ్ళలో ఉర్దూ మానివేశారు. కొన్ని ఇళ్ళలో దీనికి విరుద్ధంగా, తెలుగు మన భాష కాదు, బజారు అవసరానికి చాలు అంటూ చదవడం వ్రాయడం నేర్పించడం లేదు. రెండూ నష్టమే. రెండు భాషలు వింటూ పెరిగే పిల్లలు మొదట్లో మాటలు కలగలిపినా, అది బుద్ధిలోపం కాదనీ, వయస్సుతోపాటు సర్దుకుంటుందనీ భాషాశాస్త్రం ఏనాడో తేల్చింది. నన్నీ చెప్పే కథ మనుమరాలికి అర్థం కాకపోతే పోయేది కథ ఒక్కటే కాదు. నన్నీతో రోజూ అరగంట మాట్లాడే మనిషి కూడా పోతుంది. ఒంటరితనం వృద్ధుల మెదడుకు చేసే చెరుపు చిన్నది కాదు.

అరబీ పారాయణాన్ని ఈ లెక్కలో మూడో భాషగా చేర్చవచ్చునా అన్న ప్రశ్న కొందరికి కలుగుతుంది. అర్థం తెలియని పారాయణం పుణ్యకార్యమే, జ్ఞాపకానికి మంచి సాధన కూడా. కాని ఎంచుకోవడం, మార్చుకోవడం అనే కసరత్తు అందులో లేదు. అర్థంతో నేర్చుకోవడం మొదలుపెడితే సంగతి వేరు. అందుకు వయస్సు మించిపోవడమంటూ లేదు. స్కాట్లాండులోని స్కై ద్వీపంలో 18 నుంచి 78 ఏళ్ళ వయస్సువారు ఒక వారంపాటు గేలిక్ భాష నేర్చుకోగా, వారం చివరకే వారి దృష్టి మళ్ళించే నేర్పు మెరుగుపడిందని 2016లో ప్రకటించారు. హైదరాబాదు అధ్యయనంలో పాలుపంచుకున్న థామస్ బాక్ ఇందులోనూ ఉన్నాడు. వారానికి 5 గంటలకు తగ్గకుండా సాధన కొనసాగించినవారిలో ఆ మెరుగు 9 నెలల తరువాత కూడా నిలిచి ఉన్నది. రిటైరైన తరువాత తెలుగు అనువాదం పక్కన పెట్టుకుని రోజుకు రెండు ఆయతుల పదపదార్థం నేర్చుకునే పెద్దమనిషి రెండు విధాల లాభపడతాడు.

శరీరం సంగతి క్లుప్తంగా. 2011లో అమెరికాలో 120 మంది వృద్ధులపై జరిగిన ప్రయోగంలో, ఏడాదిపాటు వారానికి మూడు రోజులు వేగంగా నడిచినవారి హిప్పోకాంపస్ పరిమాణం 2 శాతం పెరిగింది. ఒళ్ళు సాగదీసే వ్యాయామం మాత్రమే చేసినవారిలో అది తగ్గింది. మసీదుకు మోటారు సైకిలు మీద పోవడం మానడం ఇందుకు తేలికైన ఆరంభం. నిద్రలో, ముఖ్యంగా గాఢనిద్రలో, పగటి జ్ఞాపకాలు స్థిరపడతాయి. అర్ధరాత్రి దాకా ఫోను చూసి ఫజర్‌కు లేచేవారికి ఆ నిద్ర దక్కదు. లాన్సెట్ పత్రిక నియమించిన నిపుణుల సంఘం 2024లో ఇచ్చిన నివేదిక ప్రకారం, 14 కారణాలను అదుపు చేయగలిగితే లోకంలోని డిమెన్షియాలో సుమారు 45 శాతాన్ని నివారించవచ్చు, లేదా వెనక్కి నెట్టవచ్చు. రక్తపోటు, చక్కెర జబ్బు, చెడు కొవ్వు, పొగాకు, చెవుడు, చూపు మందగించడం, తలకు దెబ్బ, ఒంటరితనం అందులో కొన్ని. ఖమీరాలు, బాదం పప్పులు, జ్ఞాపకశక్తి పెంచుతాయని టీవీలో చూపించే సీసాలు ఆ జాబితాలో లేవు. బాదం మంచి ఆహారమే. కాని చెవి వినపడని తండ్రికి బాదం కొనిపెట్టి వినికిడి యంత్రం కొనకపోవడం లెక్క తప్పడమే. హెల్మెట్ కూడా మెదడు మందేనని మదనపల్లె రోడ్డు మీద తిరిగేవారికి వేరే చెప్పాలా?

వృద్ధులలో మతిమరుపును ‘వయస్సు వచ్చింది, అంతే’ అని వదిలివేసే అలవాటు ఒకటి ఉన్నది. తాళంచెవి ఎక్కడ పెట్టానో అనుకోవడం వయస్సు. తాళంచెవి దేనికో తెలియకపోవడం జబ్బు. చదివిన నమాజునే మళ్ళీ చదవడం, తెలిసిన సందులో దారి తప్పడం, నోట్ల లెక్క తికమకపడడం, శాంతస్వభావుడు అకారణంగా ఇంటివారిని అనుమానించడం కనిపిస్తే వైద్యుని దగ్గరకు తీసుకువెళ్ళాలి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత, మానసిక కుంగుబాటు కూడా ఇటువంటి లక్షణాలే చూపుతాయి. వాటికి వైద్యం ఉన్నది. మదనపల్లె ప్రాంతంవారికి హైదరాబాదుకంటే బెంగుళూరు బాగా దగ్గర. అక్కడి నిమ్‌హాన్స్‌లో ఈ జబ్బులకు ప్రత్యేక వైద్యం లభిస్తుంది; డాక్టర్ అల్లాడి నిమ్స్ తరువాత పనిచేయడానికి వెళ్ళినది కూడా అక్కడికే.

అక్కడ వైద్యులు కొన్ని ప్రశ్నలు అడుగుతారు. ఈ రోజు ఏ వారం, నూరు నుంచి ఏడు తీసివేస్తూ పోతే ఎంత, ఇప్పుడు చెప్పిన మూడు మాటలు మళ్ళీ చెప్పగలరా, గడియారం బొమ్మ గీయగలరా – ఇటువంటివి. చాలాకాలం ఈ పరీక్షలు ఇంగ్లీషు చదువుకున్నవారికి తగినట్లే ఉండేవి. భారత వైద్య పరిశోధన మండలి ఆధ్వర్యాన తెలుగు, కన్నడం, హిందీ, మలయాళం, బెంగాలీ భాషలలో వీటిని రూపొందించారు. గుర్రంకొండ నుంచి వచ్చిన డెబ్బై ఏళ్ళ దాదీ జీవితమంతా ఇంట్లో దక్కనీ మాట్లాడి, తెలుగును కూరగాయల బండి దగ్గరే వాడి ఉండవచ్చు. ఆమెను తెలుగులో ప్రశ్నిస్తే జబ్బు ఉన్నదానికంటే ఎక్కువగా కనిపిస్తుంది. పక్కన కూర్చున్న కొడుకు తొందరపడి జవాబులు అందిస్తే ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది. ఆమె ఏ భాషలో కలలు కంటుందో, ఏ భాషలో డబ్బు లెక్కపెడుతుందో, బడికి వెళ్ళిందో లేదో ముందుగానే వైద్యునికి చెప్పి, ప్రశ్నలు ఆ భాషలో అడిగించి, ఆమె జవాబు చెప్పేదాకా ఊరుకోవాలి.